గోడ వెంట నీలిపూలు

దాలాత్, 14 సెప్టెంబరు 1997

ఉయెన్ పిల్లా,

నువ్వు బస్సెక్కి మూడు వారాలైంది. చేరానని ఒక్క ముక్క రాశావు, అదీ పోస్టుకార్డు మీద, అదీ సగం ఖాళీగా. యూనివర్సిటీలో చేరిన పిల్లవి, సాహిత్యం చదువుతానన్న పిల్లవి, పెద్దమ్మకి రాయడానికి మాటలు కరువయ్యాయా? మీ అమ్మ మాత్రం మిథో నుంచి నాలుగు పేజీలు రాసింది. మూడు పేజీలు తన మోకాలి నొప్పి.

ఇక్కడ వాన ఆగట్లేదు. ఉన్ని దుప్పట్లు ఆరక ముక్కవాసన వస్తున్నాయి. నీకు అల్లిన ఆ స్వెటరు సైగాన్ వేడిలో వేసుకోలేవని తెలుసు. పెట్టెలో వేపాకు వేసి ఉంచు, పురుగు కొట్టకుండా.

నీతో ఒక పని పడింది. ఆ గోడ వెంట మడిలో ఒక మొక్క వచ్చిందే, ఏడో నెలలో పూసింది, సాన్ రంగు పూలు. దాని పేరు కనుక్కోవాలి. నేను నాటలేదు. మీ పెదనాన్న పోయాక ఆయన కోటు దులపడానికి నాకు మనసొప్పలేదు. ఆయన అడవి కాపలాకి వేసుకెళ్ళేదే, ఆ ఉన్ని కోటు. మూడో నెలలో ధైర్యం చేసి తీగ మీద వేసి కర్రతో దులిపాను. పది రోజులకి సరిగ్గా ఆ తీగ కిందే మొలకలు. ఎవరికీ చెప్పలేదు. "ముసలిదానికి మతి పోయింది, మొగుడు మొక్కై వచ్చాడంటోంది" అని నవ్వుతారు. నువ్వు ఉన్నప్పుడూ చెప్పలేదు. ఆ రోజు పక్కింటి మేకలు ఆ మొక్కల్ని తినేశాక, నోరు ఆగక, అందరి ముందూ అరిచేశాను.

పక్కింటి ఏడో మామ్మతో మాటలు మానేశాను. ముప్పై ఏళ్ళ ఇరుగు. ఆవిడ కంచె దగ్గర నిలబడి దగ్గుతుంది, నేను బకెట్ చప్పుడు చేస్తాను. అంతే.

మేకలు తినక ముందు ఒక రెమ్మ తుంచి ఆయన ఫోటో ముందు పెట్టాను. అది ఎండిపోయి ఉంది. దాంట్లోంచి మూడు పూలూ ఒక ఆకూ ఈ కాగితంలో మడిచి పంపుతున్నాను. జాగ్రత్త. మన చాంద్రమాన లెక్కన పదో నెల పదిహేడున ఆయన మొదటి ఏడూడు. ఆ రోజుకి ఆ పువ్వే పెట్టాలని ఉంది. పేరు తెలిస్తే బజార్లో పూలవాళ్ళని అడుగుతాను, గింజలైనా దొరుకుతాయి.

నిఘంటువులో తల పెట్టుకు పడుకునే పిల్లవి కదా. పట్టు చూద్దాం.

ఎండబెట్టిన సీమతునికి పళ్ళు బస్సు డ్రైవరు చేత పంపుతున్నా. నీ గదిలో పిల్లలకీ పెట్టు.

నీ పెద్దమ్మ,
క్వే

*

సైగాన్, 20 సెప్టెంబరు 1997

పెద్దమ్మా,

మీ ఉత్తరం చేరింది. మూడు పూలూ చేరాయి. ఆకు మధ్యలో విరిగింది, కానీ రెండు ముక్కలూ ఉన్నాయి.

మేకలు తినలేదు పెద్దమ్మా. నేను పీకాను.

ఆ రోజు మీరు బజారుకి వెళ్తూ వంటింట్లో చీటీ పెట్టి వెళ్ళారు. "గోడ వెంట ఉన్న సాన్‌వి అన్నీ పీకెయ్. తెల్లవి పున్నమికి ఉంచు." ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది. గోడ వెంట రెండు మడులున్నాయి. ఒకదాంట్లో ఆకుపచ్చగా ఉండే సాన్ కూర, తెల్ల కూర. రెండోదాంట్లో నీలంగా ఉండే సాన్ పూలు, తెల్ల కాస్మోస్ పూలు. మీరు అన్నది కూర గురించి. పున్నమికి మనం శాకాహారం తింటాం, తెల్ల కూర దానికి. నాకు మాత్రం పున్నమి అనగానే పూజాపీఠం గుర్తొచ్చింది, పీఠం అనగానే తెల్లపూలు. మాటని ఇంత ప్రేమించేదాన్ని, ఒక్కసారి వంటింటి వైపు తిరిగి ఆలోచించలేదు.

శ్రద్ధగా పీకాను. వేళ్ళతో సహా. మట్టి దులిపి, తలలన్నీ ఒకవైపు వచ్చేట్టు కంచె పక్కన వరసగా పేర్చాను, మీరు చూసి మెచ్చుకుంటారని. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే మీరు గేటు తీశారు. ఏడో మామ్మ మేకలు రెండూ కంచె సందులోంచి దూరి ఆ కుప్ప నములుతున్నాయి. "ఆయన పూలు! ఆయన కోటు పూలు!" అని మీరు అరిచారు. అప్పుడే నాకు తెలిసింది అవి ఏమిటో.

మీరు నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను. అడిగినా చెప్పేదాన్ని కాదేమో.

ఆ సాయంత్రం గదిలో తలుపేసుకుని స్వెటరు చేతులకి అంటుకున్న ముళ్ళకాయలు ఏరాను. చిన్నవి, మెంతిగింజంతవి. మీ కంట పడితే తెలిసిపోతుందని అన్నీ పొయ్యిలో వేశాను.

దీన్ని రేపు పోస్టు చేస్తాను.

ఉయెన్

(పోస్టు చెయ్యలేదు. నిఘంటువులో, "స" అక్షరం పేజీల మధ్య పెట్టాను.)

*

సైగాన్, 22 సెప్టెంబరు 1997

గౌరవనీయులైన పెద్దమ్మకి,

మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను. పళ్ళు నా గదిలో ఏడుగురం తిన్నాం. ఒకమ్మాయి అయితే దాలాత్ అబ్బాయినే పెళ్ళాడతానని ఒట్టు పెట్టుకుంది.

మీ పువ్వు కోసం వృక్షశాస్త్రం చెప్పే తోన్ మాస్టారిని పట్టుకున్నాను. సన్నగా, సైకిల్ మీద కొంగలా వస్తారు. మెట్ల మీద ఆపి, "మాస్టారూ, మా పెద్దమ్మ తోటలో ఊరూ పేరూ తెలియని సాన్ పువ్వు వచ్చింది, పేరు చెప్పగలరా?" అన్నాను. ఆయన భోజనం మానేసి మూడు సొరుగుల ఎండు మొక్కలు తిరగేశారు. ఆకుపచ్చ పూలున్నవన్నీ బల్ల మీద పరిచారు. నేను కాగితం మడత విప్పేసరికి చూసి, "నీలమా! పిల్లా, ముందే ఆకాశపు సాన్ అని చెప్పొద్దూ? ఆకు సాన్ అనుకుని నా అన్నం చల్లార్చుకున్నాను" అన్నారు.

అప్పటి నుంచీ ఆ మాటనే ఆలోచిస్తున్నాను. ఆకూ సాన్, ఆకాశమూ సాన్, సముద్రమూ సాన్, పండని కాయా సాన్. మన పూర్వులు ఇన్నిటికీ ఒక్క మాట చాలనుకున్నారు. ఎదురుగా నిలబడి వేలు చూపించి మాట్లాడుకునే వాళ్ళకి చాలుతుంది. కాగితం మీద రాసి వెళ్ళిపోయేవాళ్ళకే చాలదు.

మాస్టారు కొన్ని ప్రశ్నలిచ్చారు. నీలం ఎలాంటి నీలం? మొక్క ఎంత ఎత్తు? ఆకు గరుగ్గా ఉంటుందా? కాయ కాసిందా? ఎలా ఉంది? మీరు రాస్తే ఆయనకి అప్పగిస్తాను. నేను అక్కడ ఉన్నప్పుడు సరిగ్గా గమనించలేదు.

మీ బిడ్డలాంటి
ఉయెన్

*

దాలాత్, 3 అక్టోబరు 1997

పిల్లా,

"గౌరవనీయులైన" ఏమిటే? నేనేమైనా వార్డు కమిటీ అధ్యక్షురాలినా? నీ ఉత్తరం చదువుతుంటే అల్లుడి తరఫు వాళ్ళు రాసినట్టుంది. ఒంట్లో బాగుందా? సరిగ్గా తింటున్నావా?

మీ మాస్టారికి చెప్పు: నీలం అంటే, కిరసనాయిలు స్టవ్ బాగా మండుతున్నప్పుడు వత్తి దగ్గర కనపడుతుందే, ఆ నీలం. మొక్క నా తొడ దాకా వచ్చింది. ఆకు గరుకు, పిల్లి నాలుక లాగా. కాయ సంగతి నాకు తెలియదు. అప్పటికింకా పూస్తూనే ఉన్నాయి కదా, ఆ ఒక్క రెమ్మ తుంచడం తప్ప నేను దగ్గరికెళ్ళి ముట్టుకునేదాన్ని కాదు. దూరం నుంచే "ఏం, టీ తాగావా?" అని పలకరించేదాన్ని. నవ్వకు.

ఒక కబురు. ఏడో మామ్మ మేకలు రెండిటినీ అమ్మేసింది. తెల్లారి లారీ వచ్చింది. ఆ పెద్దది లేదూ, నువ్వు పనసతొనలు పెట్టేదానివి, అది లారీ ఎక్కనని కాళ్ళు బిగించింది. మామ్మ వెనక నుంచి తోస్తూ అంటోంది, నాకు వినపడేట్టే: "ఎక్కవే తల్లీ, ఎక్కు. పక్కింటివాళ్ళ చచ్చిపోయినాయన్ని తిన్నావట నువ్వు. ఆ ఇంట్లో నిన్ను క్షమించేవాళ్ళు లేరు."

నేను తలుపేసుకున్నాను. గెలిచాను కదా, సంతోషంగా ఉండాలి. ఉండాల్సిందే. కానీ ఇరవై ఏళ్ళుగా తెల్లవారుజామున ఆ ఇంటి మేకల అరుపుకే లేస్తున్నాను పిల్లా. ఇప్పుడు ఎప్పుడు లేవాలో తెలియట్లేదు. మామ్మకి పాల డబ్బులే ఆధారం అని తెలిసీ అన్నాను ఆ రోజు అన్ని మాటలు. "నీ మేకల్లాగే నీకూ కంచె తెలీదు" అన్నాను. అది అనకుండా ఉండాల్సింది. కానీ తప్పు వాళ్ళదే కదా? నువ్వూ చూశావుగా, నములుతుంటే?

పేరు తొందరగా కనుక్కో. ఆరు వారాలే ఉంది.

పెద్దమ్మ

*

సైగాన్, 12 అక్టోబరు 1997

పెద్దమ్మా,

పేరు దొరికింది!

తోన్ మాస్టారు పువ్వుని రెండు రాత్రులు తడిగుడ్డలో ఉంచి, మెత్తబడ్డాక భూతద్దం కింద విప్పారు. అయిదు రేకులు, మధ్యలో అయిదు బుడిపెలు, గొంతు మూసినట్టు. ఆయన చెప్తుంటే నేను రాసుకున్నాను. మొదట ఆయన అందమైన పేరేదో చెప్పబోయారు. ఆకు గరుకని మీరు రాసింది చదివి మనసు మార్చుకున్నారు. కోపం తెచ్చుకోకండి పెద్దమ్మా, దాని పేరు కుక్కనాలుక. ఆకు ఆకారాన్నీ గరుకునీ బట్టి. దేశదేశాల్లో పండితులు కూడా వాళ్ళ భాషల్లో అదే పేరు పెట్టారట. నాకు మాత్రం ఎంత బాధేసిందో! ఆ నీలానికి ఈ పేరా అని.

ఏడాది మొక్క. మొలిచి, పూసి, గింజ రాల్చి చచ్చిపోతుంది. మళ్ళీ రావాలంటే గింజే దిక్కు. పైన పూలు పూస్తుండగానే కింద కాయలు పట్టేస్తాయి. ఒక్కో కాయలో నాలుగు పప్పులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, ఒక్కోదాని నిండా కొక్కేల్లాంటి ముళ్ళు. ఆకుపచ్చ స్వెటరు చేతికి అంటుకున్నాయంటే ఒక సాయంత్రమంతా గోళ్ళతో ఒక్కొక్కటీ ఏరాల్సిందే. దులిపితే పోవు. ఆ ముళ్ళతోనే అది ఊళ్ళు తిరుగుతుంది. మీరు అన్నది నిజమే అయ్యుంటుంది. పెదనాన్న కొండ మీద నడుస్తుంటే కోటుకి పట్టుకుని వచ్చి ఉంటుంది.

బజారులో దొరకదట. దారుల పక్క పెరిగే మొక్క, ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. ఇప్పుడు కొండల మీద కూడా చాలామటుకు ఎండిపోయి ఉంటుందని మాస్టారన్నారు. నేను ఇంకా అడుగుతాను. దొరక్కుండా ఉండదు.

ఏడో మామ్మ సంగతి చదివాను.

ఉయెన్

*

దాలాత్, 21 అక్టోబరు 1997

ఉయెన్,

నేను పంపిన రెమ్మలో కాయలు లేవు. పూలు మూడు, ఆకు ఒకటి.

దాలాత్‌లో ఆకుపచ్చ స్వెటరు నేను అల్లింది ఒకటే. జూలైలో అల్లాను, నీకు.

ఆ రోజు రాత్రి మనం కూర లేకుండా అన్నం తిన్నాం. సాన్ కూర మడిలోనే ఉంది, ఒక్క మొక్కా కదలలేదు. నా ఏడుపులో నేనుండి ఎందుకని అడగలేదు. ఇవాళ అడుగుతున్నాను.

పెద్దమ్మ

*

సైగాన్, 25 అక్టోబరు 1997

పెద్దమ్మా,

దీంతో పాటు సెప్టెంబరు ఇరవైన రాసిన ఉత్తరం, మీ చీటీ పెడుతున్నాను. ముందు అవి చదవండి. తేదీ చూసి, "అయితే అప్పుడే చెప్పాలనుకుంది కదా" అని నా మీద జాలి పడొద్దు. రాసి దాచుకోవడం చెప్పడం కాదు. పైగా దాని తర్వాత మీకు రెండు ఉత్తరాలు రాశాను. "సరిగ్గా గమనించలేదు" అని కూడా రాశాను.

ఆ ఉత్తరం రాసినప్పుడు నాకు తెలియనివి రెండున్నాయి.

ఒకటి. నేను ఏరి పొయ్యిలో వేసినవే గింజలు. మాస్టారు బొమ్మ గీసి చూపిస్తున్నప్పుడు తెలిసింది. ముప్పై దాకా ఉంటాయి. చేతిలో పెట్టుకుని చూశాను కూడా. నా తప్పు కనపడకూడదని కాల్చినవి సరిగ్గా ఆ తప్పు దిద్దుకోవడానికి కావాల్సినవి. మాస్టారు "ఏమ్మా, తల తిరుగుతోందా?" అని మంచినీళ్ళిచ్చారు.

రెండోది కావాలనే మీకు రాయలేదు. ఆ ముళ్ళు ఎక్కువగా జంతువుల బొచ్చుకి పట్టుకుంటాయట. "మీ పెద్దమ్మ ఇంటి చుట్టుపక్కల మేకలు గానీ ఉన్నాయా? ఉంటే అవే కొండ నుంచి తెచ్చి ఉంటాయి" అన్నారు. లేవన్నాను. అప్పటికి అది నిజం కూడా, లారీ ఎక్కించేశారుగా. కోటు తెచ్చిందో మేకలు తెచ్చాయో ఎవరూ తేల్చి చెప్పలేరట. మీకు కోటు ఒక్కటే రాశాను. మేకల పేరెత్తే ధైర్యం లేకపోయింది.

నన్ను క్షమించమని అడగను. ఒక్కటి మాత్రం చెయ్యాలి మీరు. కింద ఉన్నది ఏడో మామ్మకి. ఆవిడకి చదువు రాదు, చదివి వినిపించేది మీరే. మీ నోటితో అది చదివించడం కూడా నా తప్పుల్లోకే వస్తుంది, తెలుసు. వేరే దారి తోచలేదు.

"మామ్మా, నేను పక్కింటి ఉయెన్‌ని. ఆ మొక్కలు మీ మేకలు పాడుచెయ్యలేదు. నేను వేళ్ళతో సహా పీకి కంచె పక్కన పడేస్తే, పడేసినవి తిన్నాయి. పెద్దమ్మ మిమ్మల్ని అన్ని మాటలంటుంటే కుళాయి దగ్గర నిలబడి విన్నాను. కుళాయి కట్టెయ్యడానికి కూడా కదల్లేదు. మీరు మేకలని అమ్ముకున్నది నా వల్ల."

ఉయెన్

*

దాలాత్, 2 నవంబరు 1997

ఉయెన్,

నీ ఉత్తరం వచ్చిన రోజు చదివి స్టవ్ మీద టీ మాడ్చాను. రెండో రోజు నీ మీద కోపం. మూడో రోజు చీటీ తీసి చూసుకున్నాను. నా రాతే. "సాన్‌వి" అని రాసి, కూర అన్న ఒక్క మాట రాయడానికి బద్ధకించాను. బస్సు పోతుందని తొందర. నువ్వు పీకింది నా చీటీ చూసి. దానికి నిన్ను ఏమీ అనను. నోరు మూసుకుని ఊరుకున్నావే, దానికి అంటాను. కాగితం మీద కాదు.

నాలుగో రోజు కంచె దగ్గరికెళ్ళాను. మామ్మ బట్టలారేస్తోంది. నేను దగ్గాను. ఆవిడ బకెట్ చప్పుడు చేసింది. మళ్ళీ దగ్గాను.

"జలుబైతే ఆర్టిచోక్ టీ తాగు. ఇక్కడ ఎవరూ వైద్యం చెయ్యరు" అంది.

"ఉయెన్ నీకు ఉత్తరం రాసింది" అన్నాను.

"నాకా? నాకు చదువు రాదని ఆ పిల్లకి తెలీదా?"

"నన్ను చదవమంది."

"అయితే చదువు. ఉచితంగా వినడానికి నాకేం పోయింది?"

చదివాను. "కుళాయి కట్టెయ్యడానికి కూడా" దగ్గర ఆగి, ఆ ముక్క మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆవిడ చేతిలో తడి చొక్కా అలాగే పట్టుకుని నిలబడింది. చివరికి ఏమందో తెలుసా?

"ఇందులో నాకు తెలియనిది ఏముంది?"

"ఏంటీ?"

"నా మేకలు కొరుకుతాయి క్వే. వేళ్ళతో సహా పీకి, మట్టి దులిపి, తలకాయలన్నీ ఒకవైపు పెట్టి కట్టలు పేర్చవు. అంత చదువు చెప్పించలేదు నేను వాటికి. ఆ గుంటలు చూసిన నిమిషంలోనే తెలిసింది."

కంచె పట్టుకుని కూర్చుండిపోయాను. "మరి ఎందుకు చెప్పలేదు? అన్ని మాటలన్నానే! మేకల్ని అమ్ముకున్నావే!"

"ఎవరితో చెప్పను? ఆయన పోయాక నీ ఇంట్లో మొదటిసారి నవ్వు వినపడింది ఆ పిల్ల వచ్చాకే. నేను చెప్తే నువ్వు ఆ పిల్లని పంపించేసేదానివి. నీ సంగతి నాకు తెలీదా? పంపించేసి, తలుపేసుకుని కూర్చునేదానివి. మేకలదేముంది, నా కోసం అవి ఏడవవు." అని చొక్కా పిండుతూ, "పెద్దది ఏడ్చింది లే" అంది.

మర్నాడు ఇద్దరం ఆ లారీవాడి ఊరు వెళ్ళి అడిగాం. రెండూ ఫాన్‌రాంగ్ వైపు వెళ్ళిపోయాయట, అక్కడి నుంచి ఎక్కడికో వాడికీ తెలియదు. అవి ఇక రావు, ఉయెన్. అది అలా ఉండాల్సిందే, నీకూ నాకూ.

కుక్కనాలుక అని చెప్తే మామ్మ పడీ పడీ నవ్వింది. "మీ ఆయన బతికుండగా నోరు విప్పేవాడు కాదు, పోయాక నాలుక బయటపెట్టాడు" అంది. మీ పెదనాన్న వింటే తనూ నవ్వేవాడు. కోటు తెచ్చిందో మేకలు తెచ్చాయో మేం వాదించుకోలేదు. మడి మాత్రం తవ్వలేదు, అలాగే ఉంచాను.

ఏడూడు క్యాలెండరు లెక్కన ఈ నెల పదహారో తేదీ, ఆదివారం. శుక్రవారం బస్సెక్కు. ఏ పువ్వూ తేవద్దు. ఎక్కడా వెతకొద్దు. మామ్మ కూడా భోజనానికి వస్తోంది.

అయితే ఒకటి. ఉత్తరంలో చెప్పిన తప్పు సగమే చెప్పినట్టు. "దాన్ని నువ్వు తిట్టకు, తిట్టే హక్కు నాది" అంది మామ్మ. మొన్నటి నుంచీ తిట్లు కూర్చుకుంటోంది. బట్టలుతుకుతూ పైకే అనుకుని చూసుకుంటోంది, బాగా లేనివి మార్చుకుంటోంది. కంచె ఇవతలికి అన్నీ వినపడుతున్నాయి. వాటిలో కొన్ని నీకు కాదు, నాకు.

బస్సు దిగగానే మన ఇంటికి రాకు. ముందు ఆవిడ గుమ్మం ఎక్కు. నేను అక్కడే కూర్చుని ఉంటాను, నీ పక్కన.

పెద్దమ్మ